చేతితో వడికిన ఉన్నితో చలికాలపు అల్లిక, దానికి తోడుగా తేలికైన వంట

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. కొన్ని నెలలుగా కదురు మీద మీరు వడికిన ఉన్ని దారం ఆరు చిలపలుగా, అంటే ఆరు దారపు చుట్టలుగా, మొత్తం 550 గ్రాముల దాకా ఉంది. తొలి చిలప ఎగుడుదిగుడుగా, ఆ తరువాతి రెండూ లావుగా, చివరి మూడూ సన్నగా, నున్నగా వచ్చాయి. దానితో ఈ చలికాలంలో ఒక స్వెట్టర్ అల్లుకోవాలని మీ కోరిక, కానీ ఏ నమూనా చూసినా మీ దారం దానికి సరిపోవడం లేదు. పైగా సాయంత్రం దొరికే రెండు గంటలూ వంటకే పోతున్నాయి కనుక, అల్లికకు చేతులను వదిలిపెట్టే వంట ఏదైనా ఉందా అని కూడా అడిగారు.

ఇరవై ఏళ్ళకు పైగా నేను వడికిన దారంతోనే అల్లుకుంటున్నాను కాబట్టి, నా అనుభవంలో రుజువైన మాట ఒకటి ముందే చెబుతాను. నమూనాను ఎంచుకొని దానికి తగిన దారాన్ని వెతుక్కోవడం మిల్లు దారానికి చెల్లే పద్ధతి. చేతి దారం విషయంలో వరుస తిరగబడుతుంది: దారాన్ని ముందు కొలిచి, కడిగి, దాని స్వభావం తెలుసుకొని, అది ఏ వస్తువుగా మారడానికి ఒప్పుకుంటుందో ఆ వస్తువునే అల్లాలి. మీ ఆరు చిలపలు స్వెట్టర్‌కు ఒప్పుకోవు. ఎందుకో, వాటితో ఏమి అల్లవచ్చో వివరంగా రాస్తాను.

మొదటి పని కడగడం. వడికిన తరువాత కడగని దారం ఇంకా దారం కాదని నేను అనుకుంటాను, ఎందుకంటే వడికేటప్పుడు సాగదీసిన పోగు నీళ్ళు తగిలాక తన అసలు పొడవుకు, అసలు లావుకు వస్తుంది. ప్రతి చిలపనూ నాలుగు చోట్ల వదులుగా కట్టి, చేతికి గోరువెచ్చగా తగిలే నీటిలో కొద్ది చుక్కల సబ్బు వేసి, ఇరవై నిమిషాలు కదపకుండా ముంచి ఉంచండి. కడిగే నీరు, జాడించే నీరు ఒకే వేడిలో ఉండాలి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకొని దారం గట్టిపడిపోతుంది, ఆ తరువాత దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీసి, రెండు చేతుల మధ్య చిలపను పట్టి నాలుగైదు సార్లు విదిలించి, నీడలో ఆరవేయండి. ఆరే చిలపకు బరువు వేలాడదీయవద్దు. బరువుకు సాగి ఆరిన దారం నున్నగా కనిపించి మనల్ని మోసగిస్తుంది, అల్లిన వస్తువును మొదటిసారి కడిగినప్పుడు మళ్ళీ ముడుచుకొని కొలతలన్నీ మార్చేస్తుంది.

ఆరిన చిలపను ఒక కొస పట్టి వేలాడదీసి చూడండి. మెలి తిరగకుండా తెరుచుకొని వేలాడితే దానిలోని పురి సమతూకంలో ఉన్నట్టు. ఒకటి రెండు మెలికలు తిరిగినా పరవాలేదు. గట్టిగా తాడులా పెనవేసుకుపోతే మాత్రం పురి ఎక్కువ మిగిలి ఉందని అర్థం, ఆ దారంతో స్టాకినెట్ అల్లిక, అంటే ఒక వైపంతా నిట్ (నున్నగా కనిపించే కుట్టు), మరొక వైపంతా పర్ల్ (దాని వెనుక వైపు, గడ్డలుగా కనిపించే కుట్టు)గా ఉండే మామూలు అల్లిక, పక్కకు ఒరిగిపోతుంది. నా మొదటి చలికాలంలో ఒంటి పోగుతో ఒక మఫ్లర్ అల్లాను. అల్లుతున్నంత సేపూ బాగానే ఉన్నట్టు అనిపించి, కడిగిన మరునాటికి అది దీర్ఘచతురస్రం కావడం మానేసి ఒక పక్కకు వాలిపోయింది. అప్పటికి నాకు కారణం తెలియదు. ఒంటి పోగులో పురి అంతా ఒకే దిశలో ఉంటుంది, దాన్ని ఎదుర్కొనే శక్తి మరొకటి ఉండదు. రెండు పోగులను ఎదురు దిశలో పెనవేసి రెండు పేటల దారం చేసినప్పుడు ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఒంటి పోగుతోనే అల్లవలసి వస్తే అన్ని వరుసలూ నిట్‌గా వచ్చే గార్టర్ అల్లికను గానీ, నిట్, పర్ల్ ఒకటి విడిచి ఒకటి వచ్చే ముత్యాల అల్లికను గానీ ఎంచుకోండి. వాటిలో రెండు వైపుల లాగుడూ సమానమవుతుంది కనుక బట్ట నిలకడగా ఉంటుంది.

రెండో పని కొలవడం, దీనికి మీ వంటింట్లోని గ్రాముల తూకం చాలు. నిజానికి నా అల్లిక సరంజామాలో సూదుల తరువాత ఎక్కువగా వాడేది ఆ తూకమే. చిలప ఒక చుట్టు పొడవును కొలిచి, చుట్లను లెక్కపెట్టండి. చుట్టు 1.5 మీటర్లు, చుట్లు 120 అయితే దారం 180 మీటర్లు. ఆ చిలప 90 గ్రాములు తూగితే 100 గ్రాములకు 200 మీటర్లు వస్తుందన్న మాట, అది మధ్యరకం లావు. 100 గ్రాములకు 350 నుంచి 400 మీటర్ల దాకా వచ్చేది మేజోళ్ళకు తగిన సన్న దారం, 100 మీటర్ల దగ్గర ఆగిపోయేది బాగా లావు దారం. ప్రతి చిలపకూ ఒక చీటీ కట్టి ఈ అంకెలు రాసి పెట్టుకోండి. మీ ఆరు చిలపల చీటీలనూ పక్కపక్కన పెడితే, ఏవి ఏవి కలిసి ఒకే వస్తువులో ఇమిడిపోతాయో కళ్ళకు కనిపిస్తుంది.

సూది ఎంపికకు ఒక తేలిక ఉపాయం ఉంది. దారాన్ని మధ్యకు మడిచి, రెండు పోగులనూ పక్కపక్కన పెట్టి, ఆ రెండింటి వెడల్పుకు సమానమైన మందం గల సూదిని తీసుకోండి. అది తుది నిర్ణయం కాదు, మొదలుపెట్టడానికి ఒక ఆధారం. ఆ సూదితో పదిహేను సెంటీమీటర్ల చదరపు మచ్చు ముక్క అల్లి, దాన్ని కూడా కడిగి ఆరబెట్టి, మధ్యలోని 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో మూడు చోట్ల లెక్కపెట్టి సగటు తీయండి. చేతి దారం ఒక చోట ఉన్నట్టు మరొక చోట ఉండదు, అందుకే ఒక్క చోట లెక్కపెడితే చాలదు. మచ్చు ముక్క మీద విసుగు చాలామందికి ఉంటుందని నాకు తెలుసు, కానీ లెక్క చూడండి: 90 కుట్ల టోపీ 10 సెంటీమీటర్లకు 18 కుట్ల చొప్పున అల్లితే 50 సెంటీమీటర్ల చుట్టుకొలత వస్తుంది, 20 కుట్ల చొప్పున వస్తే అదే టోపీ 45 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. రెండు కుట్ల తేడాతో పెద్దల టోపీ చిన్నపిల్లల టోపీ అవుతుంది. ముక్క ఆరాక దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, లాగి వదలండి, ఒక పూట మెడకు తగిలేలా చొక్కా లోపల పెట్టుకొని తిరగండి. గుచ్చుకునే ఉన్నిని టోపీకి, మఫ్లర్‌కు వాడకూడదు, అటువంటిది పైన వేసుకునే వాటికి పనికొస్తుంది.

ఇక స్వెట్టర్ సంగతి. మధ్యరకం దారంతో పెద్దల స్వెట్టర్‌కు కొలతను బట్టి 500 నుంచి 700 గ్రాముల దారం పడుతుంది. మీ 550 గ్రాములు అంచు మీద ఉన్నాయి, అందులోనూ మూడు రకాల లావులు ఉన్నాయి. ఛాతీ దగ్గర ఒక లావు, చేతుల దగ్గర మరొక లావు వచ్చిన స్వెట్టర్‌ను ఎంత శ్రమపడి ముగించినా వేసుకోబుద్ధి కాదు. కెనడాలోని వాంకూవర్ ద్వీపపు కోస్ట్ సాలిష్ మూలవాసి స్త్రీలు చేతితో వడికిన లావుపాటి, రంగు వేయని ఉన్నితో అల్లే కౌచాన్ స్వెట్టర్లు ప్రపంచమంతా పేరుపొందాయి. కానీ వాటి అందానికి మూలం అల్లే చేతితో పాటు, స్వెట్టర్ మొత్తానికీ ఒకే తీరుగా వడికిన దారం. ఆ నిలకడ మీ చేతికి రావడం మొదలైంది, చివరి మూడు చిలపలే అందుకు సాక్ష్యం. ఈ ఏడు ఆ మూడింటితో టోపీ, చేతి తొడుగులు అల్లండి. లావుగా ఉన్న రెండింటితో మూల శాలువా, అంటే మూడు మూలల శాలువా, అల్లండి. ఎగుడుదిగుడు చిలపకు వంటింట్లో పని ఉంది, దాన్ని గురించి తరువాత చెబుతాను.

మూల శాలువాతో మొదలుపెట్టండి, ఎందుకంటే దారం ఎంత ఉంటే అంతవరకూ అల్లుకోగలిగిన వస్తువు అది. నాలుగు కుట్లు సూదికి ఎక్కించి, గార్టర్ అల్లికలో, ఒకే అంచున ప్రతి నాలుగో వరుసలో ఒక కుట్టు చొప్పున పెంచుకుంటూ పోవాలి. రెండో అంచు తిన్నగా ఉంటుంది. రెండు చిలపల లావులో కొద్దిపాటి తేడా ఉన్నా కనిపించకుండా ఉండాలంటే రెండింటినీ ఉండలుగా చుట్టుకొని, ఒక ఉండతో రెండు వరుసలు, మరొక ఉండతో రెండు వరుసలు అల్లుతూ, వదిలిన దారాన్ని తిన్నటి అంచు వెంబడి పైకి తెచ్చుకోండి. మొదలుపెట్టేటప్పుడు మొత్తం దారం 190 గ్రాములు ఉందనుకుందాం. ఉండలను అప్పుడప్పుడూ తూచుకుంటూ, మిగిలిన దారం 98 గ్రాములకు వచ్చినప్పుడు పెంచడం ఆపి, అదే అంచున ప్రతి నాలుగో వరుసలో ఒక కుట్టు చొప్పున తగ్గించడం మొదలుపెట్టండి. సగానికి పైన ఆ రెండు మూడు గ్రాములు ఎందుకంటే, దారం చివర్లో అయిపోయిందన్న ఆందోళన లేకుండా కుట్లు మూయడానికి. నమూనా కాగితం చూడనక్కరలేని పని ఇది, వరుస మధ్యలో లేచి వెళ్ళి వచ్చినా ఎక్కడ ఉన్నామో వేళ్ళకే తెలుస్తుంది. మీ సాయంత్రాలకు ఇది సరిగ్గా సరిపోతుంది.

టోపీకి తల చుట్టుకొలత కంటే 5 నుంచి 7 సెంటీమీటర్లు తక్కువగా అల్లాలి, అప్పుడే చెవుల మీద పట్టి నిలుస్తుంది. తల 56 సెంటీమీటర్లు, మచ్చు ముక్కలో 10 సెంటీమీటర్లకు 18 కుట్లు అయితే, 50 సెంటీమీటర్లకు 90 కుట్లు. గుండ్రంగా కలిపి, ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున 5 సెంటీమీటర్ల రిబ్ అంచు, తరువాత మామూలు నిట్‌తో మొదటి నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అల్లండి. అక్కడ 90 కుట్లను పదేసి చొప్పున తొమ్మిది భాగాలు చేసుకొని, ప్రతి భాగం చివర రెండు కుట్లు కలిపి అల్లుతూ ఒక చుట్టు, తగ్గించకుండా ఒక చుట్టు వేయండి. ఎనిమిది సార్లు తగ్గించాక 18 కుట్లు మిగులుతాయి, మరొక చుట్టులో అవి తొమ్మిదవుతాయి. దారం తెంచి ఆ తొమ్మిదింటి గుండా దూర్చి బిగించండి. 60 నుంచి 80 గ్రాముల దారంతో పని పూర్తవుతుంది. చివరి భాగంలో లెక్క తప్పితే గుమ్మటం వంకర పోతుంది కనుక ఆ పదహారు చుట్లనూ పొయ్యి మీద ఏమీ లేనప్పుడే అల్లండి.

చేతి తొడుగుల్లో నేను మీకు ప్రత్యేకంగా సూచించేది కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ ప్రాంతాల్లో వాడుకలో ఉన్న త్రమ్ తొడుగులు. వడకడానికి సిద్ధం చేసుకున్న ఉన్నిలోంచి వేలెడు పొడవు కుచ్చులు తీసి, పెన్సిల్ అంత మందంగా ఉంచి, మధ్యలో కొద్దిగా మెలిపెట్టి, ప్రతి నాలుగో కుట్టులో, ప్రతి నాలుగో వరుసలో దారంతో పాటు కలిపి అల్లుతారు. కుచ్చు కొసలు లోపలి వైపు ఉండిపోతాయి, బయట చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. కొన్నాళ్ళు తొడుక్కున్నాక లోపలి ఉన్ని చేతి వేడికి, చెమ్మకు, రాపిడికి పరుపులా అతుక్కుపోయి, గాలిని పట్టి ఉంచే ఒక పొరగా మారుతుంది. ఆ పొరకు చోటు కావాలి కనుక తొడుగును మామూలు కంటే 3 సెంటీమీటర్లు వదులుగా అల్లండి. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా తగలదు, పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుస్తుంది. మంచులో చేతులు తడిసే పనికి ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

మేజోళ్ళను ఈ ఏడు తలపెట్టవద్దు. వాటికి దువ్వి సమానంగా పరిచిన ఉన్నితో, గట్టి పురితో, మూడు పేటలుగా వడికిన దారం కావాలి. ఏకులుగా చుట్టిన ఉన్నితో వడికిన మెత్తటి దారం లోపల గాలి నింపుకొని వెచ్చగా ఉంటుంది గానీ మడమ దగ్గర కొద్ది వారాలకే అరిగిపోతుంది.

ఇప్పుడు వంట. అల్లికకు వీలిచ్చే వంట అంటే మొదటి పదిహేను నిమిషాల్లో చేతి పని అంతా అయిపోయి, మిగిలిన సమయమంతా మంట తన పని తాను చేసుకునే వంట. కలుపుతూ నిలబడవలసినవి, విడతలుగా వేయించవలసినవి ఈ సాయంత్రాలకు పనికిరావు. నేను ఎక్కువగా చేసుకునేది పప్పు, బార్లీ, కూరగాయలు కలిపిన చిక్కటి సూప్. రెండు ఉల్లిపాయలు, మూడు క్యారెట్లు తరిగి కొద్ది నూనెలో మగ్గించి, 100 గ్రాముల బార్లీ, రెండు లీటర్ల నీరు పోసి ఇరవై నిమిషాలు ఉడికించాక 200 గ్రాముల పొట్టు మసూర్ పప్పు వేసి, మరో అరగంట సన్నటి మంట మీద మూత పెట్టి వదిలేస్తాను. టమాటాలు గానీ నిమ్మరసం గానీ వేయదలిస్తే పప్పు మెత్తబడ్డాకే వేయాలి, ఎందుకంటే పులుపు తగిలిన పప్పు ఎంత సేపు ఉడికినా బిరుసుగానే ఉండిపోతుంది. ఈ కొలత నలుగురికి సరిపోతుంది, ఇద్దరే ఉంటే మరునాటికీ వస్తుంది. మరునాటి వంట లేకపోతే ఆ రెండు గంటలూ అల్లికవే. మిగిలినదాన్ని వండిన రెండు గంటల లోపే వెడల్పాటి గిన్నెలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో, ప్రతిసారీ పొగలు కక్కేలా మరిగించి తినాలి.

రెండోది పిసకనక్కరలేని రొట్టె. 400 గ్రాముల పిండి, 300 గ్రాముల నీరు, 8 గ్రాముల ఉప్పు, పావు చెంచా పొడి ఈస్ట్ ఒక గిన్నెలో కలిపి మూత పెట్టి, పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు వదిలేయాలి. పిసకడం చేసే పనిని ఇక్కడ కాలమే చేస్తుంది. రాత్రి పడుకునే ముందు కలిపితే మరునాటి సాయంత్రానికి సిద్ధంగా ఉంటుంది. దాన్ని ముద్దగా మడిచి గంట సేపు ఆగి, 230 డిగ్రీల ఓవెన్‌లో బాగా వేడెక్కిన మూత గిన్నెలో వేసి, మూతతో అరగంట, మూత తీసి పావుగంట కాల్చాలి. ఈ ముప్పావు గంటలో గార్టర్ వరుసలు ఎన్ని వస్తాయో ఒకసారి లెక్కపెట్టుకోండి, తరువాతి నుంచి అదే మీ గడియారం అవుతుంది. అయినా అలారం పెట్టుకోవడం మరవవద్దు, వరుస చివరిదాకా వెళ్ళి లేద్దాం అనుకున్నప్పుడే రొట్టె మాడుతుంది.

ఇక ఎగుడుదిగుడు చిలప. చాలామంది తొలి దారాన్ని జ్ఞాపకంగా దాచిపెడతారు. నేను దానికి పని చెప్పమంటాను. మామూలు కంటే రెండు మూడు అంకెలు లావైన సూదులతో, కావలసిన కొలత కంటే మూడో వంతు పెద్దదిగా, ఒక వదులైన చతురస్రం అల్లి, వేడి నీటిలో సబ్బుతో రుద్దుతూ కడిగితే, ముందు మనం తప్పించుకోవాలని చూసిన ఆ గట్టిపడటమే ఇక్కడ మనకు కావలసినది అవుతుంది. కుట్లు కలిసిపోయి మందపాటి కంబళి ముక్క తయారవుతుంది. అది అడ్డం కంటే నిలువులో ఎక్కువగా ముడుచుకుంటుంది కనుక నిలువును కొంచెం ఎక్కువ అల్లాలి. వేడి గిన్నెలు దించడానికి దీన్ని మించిన గుడ్డ లేదు, ఎందుకంటే ఉన్ని సులువుగా అంటుకోదు, వేడికి నల్లబడుతుందే గానీ ఆక్రిలిక్‌లా కరిగి చర్మానికి అంటుకోదు. అందుకే ఈ పనికి కలగలుపు దారం వాడవద్దు. గిన్నె దించే ముక్క తడిగా ఉండకుండా కూడా చూసుకోండి, తడి ఉన్ని గుండా వేడి ఆవిరై వేళ్ళకు తగులుతుంది.

అటువంటి ముక్కలు నాలుగైదు పోగయ్యాక వాటితో మరొక మేలు ఉంది, ఇది నా వంటనే మార్చేసింది. మరుగుతున్న గిన్నెను మూతతో సహా ఒక పెట్టెలో పెట్టి, కింద, చుట్టూ, పైన మందంగా ఉన్ని కప్పితే, ఆ వేడితోనే వంట ముగుస్తుంది. గడ్డి నింపిన పెట్టెలతో చేసే ఈ వంట చాలా పాతది, గడ్డి చేసే పనిని ఉన్ని ఇంకా బాగా చేస్తుంది, ఎందుకంటే స్వెట్టర్ ఒంటి వేడిని ఎలా నిలుపుతుందో గిన్నె వేడినీ అలాగే నిలుపుతుంది. పై సూప్‌ను పప్పు వేశాక పది నిమిషాలు గట్టిగా మరిగించి పెట్టెలో పెడితే, గంటన్నర, రెండు గంటల్లో తినడానికి సిద్ధమవుతుంది. మాడుతుందన్న భయం లేదు, కలపనక్కర లేదు, మంట లేదు. గిన్నె నిండుగా ఉండాలి, సగం నిండిన గిన్నె త్వరగా చల్లారుతుంది. తీసేటప్పుడు వేడి 60 డిగ్రీల కంటే తగ్గకూడదు, ఎలాగైనా వడ్డించే ముందు ఒకసారి మరిగించండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఎర్ర రాజ్మా గింజలను నానబెట్టకుండా, మరిగించకుండా నేరుగా ఇటువంటి పెట్టెలో గానీ, మంద వేడి మీద ఉడికే విద్యుత్ కుక్కర్‌లో గానీ వేయకూడదు. పచ్చి గింజల్లో ఉండే లెక్టిన్ అనే పదార్థం తీవ్రమైన వాంతులు కలిగిస్తుంది, మంద వేడికి అది నశించదు. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో అరగంట గట్టిగా మరిగించాకే మిగతా వంటకు వాడాలి.

వంటింటి వాసనలు, నూనె చేతులు ఉన్నికి శత్రువులు. ఉల్లిపాయ తరిగిన చేతులతో సూది పట్టుకుంటే ఆ వాసన దారంలో రోజుల తరబడి ఉంటుంది. అల్లికను వంటింట్లో కాకుండా పక్క గదిలో, గిన్నె మూత చప్పుడు వినిపించే దూరంలో, మూతి కట్టిన గుడ్డ సంచిలో ఉంచండి. తీగతో కలిపిన గుండ్రటి సూదులైతే మధ్యలో దబ్బున లేచి వెళ్ళినా కుట్లు జారవు. చలికి పగిలిన వేళ్ళు దారాన్ని పట్టి లాగుతాయి, వాటికి రాత్రి పడుకునే ముందు నూనె రాసుకోవాలి, అల్లే ముందు కాదు. చుట్టుకున్న శాలువా కొసలతో పొయ్యి దగ్గరకు వెళ్ళకండి.

అల్లిన వస్తువులన్నింటినీ చిలపలను కడిగినట్టే కడిగి, తువ్వాలు మీద పరిచి, చేత్తో సరైన కొలతకు సర్ది ఆరనివ్వండి. శాలువా అంచులకు గుండుసూదులు గుచ్చి లాగి పెడితే గార్టర్ గట్లు తెరుచుకొని అల్లిక శ్వాస తీసుకున్నట్టు అవుతుంది. చలికాలం ముగిశాక కడగకుండా దాచవద్దు, చెమట, నూనె మరకలు ఉన్న చోటునే బట్టల చిమ్మట పురుగులు ముందుగా తింటాయి. పురుగు పట్టిందన్న అనుమానం వస్తే గాలి చొరని సంచిలో కట్టి, −18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి.

మీ స్వెట్టర్‌ను నేను మరిచిపోలేదు. దాని కోసం ఈ చలికాలంలోనే వడకడం మొదలుపెట్టండి, కానీ ఈసారి మరొక పద్ధతిలో. 800 గ్రాముల ఉన్నిని ఒకేసారి, ఒకే గొర్రె జాతిది తీసుకోండి. చివరి మూడు చిలపల్లో మీకు అన్నిటికంటే నచ్చిన దాని నుంచి జానెడు దారం తెంచి ఒక అట్ట ముక్కకు చుట్టి, దాన్ని కదురు పక్కనే పెట్టుకొని, ప్రతి అరగంటకూ కొత్త పోగును రెండుగా మడిచి, అది తనంతట తాను పెనవేసుకోనిచ్చి, అట్ట మీది దారంతో పోల్చి చూడండి. లావులో తేడా కనిపిస్తే అక్కడే సరిచేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక కండె నిండగానే పేటలు వేయడానికి తొందరపడవద్దు. ఒంటి పోగులన్నీ వడకడం పూర్తయ్యాక, మొదటి కండెను చివరి కండెతోనూ, రెండో దాన్ని చివరి నుంచి రెండో దానితోనూ జతచేసి రెండు పేటలు వేయండి. నెలల తేడాలో మీ చేతిలో వచ్చిన మార్పు ప్రతి చిలపలోనూ సమానంగా పంచుకుపోతుంది, ఛాతీకి, చేతులకు ఒకే దారం దొరుకుతుంది.